బొమ్మ డిశ్చార్జి

సింగన్నపేట ఏరియా ఆసుపత్రిలో ఆడవాళ్ళు కానుపు కాకముందే ఇంటికి వెళ్ళిపోతున్నారన్న సంగతి మొదట రాజధానిలో తెలిసింది. ఆసుపత్రిలో పనిచేసేవాళ్ళకు తర్వాత తెలిసింది. ఇంటికి వెళ్ళిపోయిన ఆడవాళ్ళకు తెలియనే తెలియదు. ఆ సమయానికి వాళ్ళు లోపల నొప్పులు పడుతున్నారు.

దీనికి మూలం సత్వర గృహప్రాప్తి మిషన్. ఆ మిషన్ పెట్టిన అధికారులు ఏదో దేశం వెళ్ళి, అక్కడి బాలింతలు కానుపైన పూటే కారెక్కి ఇంటికి పోవడం చూసి వచ్చారు. కారు చేరిన ఇంట్లో ఏం జరుగుతుందో చూడలేదు. పర్యటనలో అది లేదు. తిరిగి వచ్చి ఉత్తర్వు ఇచ్చారు. “మాతృమూర్తికి గృహమే పరమ వైద్యశాల. ఆసుపత్రి మంచంపై అనవసర శయనం జాతి ప్రగతికి అవరోధం” అన్నది అందులో మొదటి వాక్యం. రెండో వాక్యంలో ఆసుపత్రులకు ర్యాంకులు ఇస్తామని ఉంది. సూపరింటెండెంట్లు రెండో వాక్యం చదివారు.

పద్ధతి ఇది. బాలింతను గేటు దగ్గర ఆటోలో కూర్చోబెట్టాలి. ఒళ్ళో బిడ్డ ఉండాలి. సూపరింటెండెంటు పచ్చజెండా ఊపాలి. అప్పుడు ఫొటో తీసి ‘పద పద’ అనే యాప్‌లో పెట్టాలి. తల్లి ముఖం చూసి యాప్ పేరు తనే రాసుకుంటుంది. తల్లి పళ్ళు కనపడాలి, బిడ్డ ఏడవకూడదు. రెండూ కుదిరితే పచ్చ టిక్కు పడుతుంది. అది పడ్డ క్షణం నుంచి ఆమె తన ఇంట్లో ఉన్నట్టు. టిక్కు ఎంత తొందరగా పడితే ర్యాంకు అంత పైకి పోతుంది. వెళ్ళిన తల్లి తిరిగి వస్తే కిందికి పోతుంది.

సింగన్నపేట సూపరింటెండెంటు భుజంగరావు కంటి డాక్టరు. ఆయన బాలింతలను మర్నాడు పొద్దున పంపించాడు. పెదవంక ఆసుపత్రివాళ్ళు అదే సాయంత్రం పంపించారు. ఆయన అదే పూట పంపించాడు. పెదవంకవాళ్ళు కానుపు బల్ల మీద నుంచి స్ట్రెచర్‌ను నేరుగా ఆటో దగ్గరికి తోశారు. భుజంగరావు సమావేశం పెట్టాడు.

“ఇంతకన్నా ముందు పంపాలంటే ఎలాగయ్యా?” అన్నాడు.

హెడ్ క్లర్కు శివకేశవులు ఉత్తర్వు మొత్తం చదివిన ఏకైక వ్యక్తి. “సార్, కానుపు తర్వాతే పంపాలని ఇందులో ఎక్కడా లేదండి” అన్నాడు.

ఉత్తర్వు చేతులు మారింది. నిజంగానే లేదు. గేటు ఉంది, ఆటో ఉంది, తల్లి ఉంది, బిడ్డ ఉంది, జెండా ఉంది.

“ఆటో గేటు దగ్గరికి పోయేటప్పుడే కాదు, వచ్చేటప్పుడు కూడా వస్తుంది కదండీ” అన్నాడు శివకేశవులు.

“బిడ్డో?”

“నర్సింగ్ వాళ్ళ శిక్షణ గదిలో ఒకడున్నాడండి.”

ఆ ఒకడు రబ్బరు బొమ్మ. పసిబిడ్డకు నీళ్ళు పోయడం నేర్చుకోవడానికి తెప్పించారు. బరువు బిడ్డంత ఉంటుంది, కళ్ళు మూసుకుని ఉంటుంది, ఏడవదు.

ముందస్తు డిశ్చార్జి అలా మొదలైంది. కొద్ది నెలల్లో సింగన్నపేట రాష్ట్రంలో మొదటి స్థానానికి వచ్చింది. తల్లులు ఆసుపత్రిలో ఉన్న కాలం మైనస్‌లో రావడం మొదలైంది. రాజధానిలో ఎవరూ దాన్ని ప్రశ్నించలేదు. మైనస్ అంటే సున్నా కన్నా మెరుగని వాళ్ళు అర్థం చేసుకున్నారు. “సింగన్నపేట శిశువులు ప్రశాంతచిత్తులు. ఒక్క ఛాయాచిత్రంలోనూ రోదించడం లేదు” అని ప్రశంసాపత్రం వచ్చింది. ఇది ఆ ఊరి నీటి మహిమేమో పరిశీలించడానికి ఒక సంఘాన్ని కూడా వేశారు.

మేడివలస నుంచి పైడమ్మ కూతురు సన్నెమ్మను తీసుకొచ్చింది అప్పుడే. సన్నెమ్మకు తొలి కానుపు. ఆటో గేటు దగ్గర ఆగగానే వాచ్‌మన్ అడ్డం వచ్చాడు.

“దిగకండి. ముందు డిశ్చార్జి.”

“ఏటి బాబూ?” అంది పైడమ్మ.

“డిశ్చార్జి. ఇంటికెళ్ళాక లోపలికి రావచ్చు.”

“పిల్లకి నొప్పులొస్తన్నాయిరా నాయినా. అడ్డు లెగు.”

భుజంగరావు జెండాతో వచ్చాడు. నర్సు తువ్వాలులో చుట్టిన బొమ్మను సన్నెమ్మ ఒళ్ళో పెట్టింది. శివకేశవులు ఫోను ఎత్తాడు.

“ఈ బొమ్మేటి?”

“మీ మనవడమ్మా. ఫొటో వరకు” అన్నాడు శివకేశవులు. “నవ్వాలి తల్లీ. పళ్ళు కనపడాలి.”

అదే సమయానికి సన్నెమ్మకు నొప్పి వచ్చింది. పళ్ళు బిగించింది. పళ్ళు కనపడ్డాయి. పచ్చ టిక్కు పడింది.

“శుభం. మీ అమ్మాయి క్షేమంగా ఇంటికి చేరింది” అని భుజంగరావు జెండా చుట్టేశాడు.

“ఏ ఇంటికి?”

“మీ ఇంటికేనమ్మా.”

పైడమ్మ పక్కన మూలుగుతున్న కూతురి వైపు చూసింది. “మరి ఇదెవులు బాబూ?” అంది.

దానికి జవాబు చెప్పే పద్ధతి ఉత్తర్వులో లేదు. సన్నెమ్మను లోపలికి తీసుకెళ్ళారు.

ఆడపిల్ల పుట్టింది. పిల్ల బాగుంది. తల్లికి రక్తం ఆగలేదు. డ్యూటీలో ఉన్న డాక్టర్ హిమజ రక్తం కోసం ఆవరణలోనే ఉన్న బ్లడ్ బ్యాంకుకు చీటీ పంపింది. చీటీ వెనక్కి వచ్చింది. తనే వెళ్ళింది.

“సన్నెమ్మ ఇంట్లో ఉంది మేడమ్” అన్నాడు కంప్యూటరు ముందున్న ఉద్యోగి. “ఇళ్ళకు మేము రక్తం ఇవ్వం.”

“ఇంట్లో లేదయ్యా. బల్ల మీద ఉంది. రక్తం పోతోంది.”

“ఇక్కడ నవ్వుతోంది మేడమ్” అని అతను తెర ఇటు తిప్పి చూపించాడు.

హిమజ సూపరింటెండెంటు గదికి పరుగెత్తింది.

“సార్, సన్నెమ్మను మళ్ళీ చేర్చుకున్నట్టు రాయించండి. రక్తం కావాలి. నేను చెప్పేదాకా మంచం మీద నుంచి కదపకూడదు.”

“తిరిగి చేరికా?” అన్నాడు భుజంగరావు. “అది సంస్థకు కళంకం డాక్టర్.”

“ఆవిడ అసలు వెళ్ళలేదు సార్.”

“వెళ్ళని మనిషి తిరిగి రావడానికి నిబంధనలు అంగీకరించవు. వెళ్ళిన మనిషి తిరిగి వస్తే ర్యాంకు అంగీకరించదు. మీరే ఆలోచించండి.”

“ఆలోచించేలోపు చచ్చిపోతుంది.”

“అలాంటి దురదృష్టకర పరిణామం సంభవిస్తే అది గృహ మరణం కిందికి వస్తుంది. మన లెక్కలోకి రాదు. మీరు ఆందోళన చెందవద్దు.”

హిమజ ఫైళ్ళతో అక్కడే నిలబడ్డ శివకేశవులు వైపు తిరిగింది.

“రికార్డు ప్రకారం ఇప్పుడు ఈ ఆసుపత్రి లోపల ఎవరున్నారు?”

“తల్లులెవరూ లేరు మేడమ్. మంచాలున్నాయి, బీరువాలున్నాయి. బొమ్మ ఉంది.”

“బొమ్మను చేర్చుకోండి.”

శివకేశవులు కళ్ళజోడు సర్దుకున్నాడు. “తల్లి పేరు?”

“సన్నెమ్మ. గేటు దగ్గర ఆవిడ ఒళ్ళో ఉన్నది అదే కదా. ఫొటో మీరే తీశారు.”

“తీశానండి. కానీ దీనికి ఇంకా చాలామంది తల్లులున్నారు.”

“ప్రస్తుతానికి ఈవిడ చాలు.”

ఇద్దరూ సూపరింటెండెంటు వైపు చూశారు. తల్లి తిరిగి వస్తే ర్యాంకు పోతుంది. పిల్లలు తిరిగి వస్తే ఏమీ పోదు. పిల్లల విభాగానికి మిషన్ వేరు, దాని ర్యాంకులు ఇంకా మొదలుకాలేదు. భుజంగరావు తల ఊపాడు. పసిబిడ్డ చేరితే తల్లి తోడుగా ఉండవచ్చన్న నిబంధన కూడా ఉందని శివకేశవులు చెప్పాడు.

బ్లడ్ బ్యాంకులో ఉద్యోగి చీటీ చూశాడు. “పసిబిడ్డకు ఇంత రక్తమా మేడమ్?”

“రబ్బరు. పీలుస్తుంది” అంది హిమజ.

అతను ఇచ్చేశాడు. పేరు తెర మీద ఉంది.

అలా బొమ్మ రోగి అయింది, సన్నెమ్మ బొమ్మకు తోడు అయింది. మంచం బొమ్మది. బొమ్మ చిన్నది కాబట్టి మంచంలో చోటు మిగిలింది. మిగిలిన చోట తోడు పడుకోకూడదన్న నిబంధన లేదు. స్టాండుకు వేలాడే సంచి మీద బొమ్మ పేరు ఉండేది, గొట్టం సన్నెమ్మ చేతికి ఉండేది. మందులన్నీ బొమ్మకు రాసేవారు. గేటు దగ్గర ఫొటోకు అవసరమైనప్పుడు దాన్ని తీసుకెళ్ళి, మళ్ళీ తెచ్చి పడుకోబెట్టేవారు. అసలు పిల్లను ఎక్కడా రాయలేదు. సన్నెమ్మది ఒకటే కానుపు, రికార్డు ప్రకారం ఆ కానుపులో పుట్టింది మంచం మీద ఉంది. పైడమ్మ మనవరాలిని ఒళ్ళో పెట్టుకుని ఆ మంచం పక్కన కూర్చుంది.

“డాట్రమ్మా, నా పిల్ల బతుకుద్దా?” అని హిమజ వచ్చినప్పుడల్లా అడిగేది.

“బతుకుతుంది. కదపనివ్వకు” అనేది హిమజ.

రక్తం తగ్గింది. జ్వరం వచ్చింది. జ్వరం తగ్గకముందే మిషన్ డైరెక్టర్ వచ్చాడు.

ఆయన అవార్డు ఇవ్వడానికి వచ్చాడు. భుజంగరావుకు శాలువా కప్పాడు, జ్ఞాపిక ఇచ్చాడు. ఆపైన ప్రసూతి వార్డు చూశాడు. అప్పుడే కానుపై ఉన్నవాళ్ళను ఆయన కళ్ళబడకుండా వెనక వరండాలోకి పంపించారు. మంచాలన్నీ ఖాళీగా ఉన్నాయి, ఒక్కటి తప్ప.

“మాతృరహిత ప్రసూతి విభాగం!” అన్నాడు డైరెక్టర్. “మన చిరకాల స్వప్నం సాకారమైంది. మరి ఈ శిశువు ఎవరు? ఈ దీర్ఘశయనం ఏమిటి?”

ఆయన గుమ్మం దగ్గరే నిలబడి బొమ్మను చూశాడు.

“నిద్రిస్తున్నాడు. రోదన లేదు. ఆరోగ్యవంతుడు. నా చేతుల మీదుగా ఇంటికి పంపిద్దాం. తోడు సహా.”

“తోడుకు జ్వరంగా ఉంది సార్” అంది హిమజ. “ఇప్పుడు ఆటోలో కుదిపితే మళ్ళీ రక్తం పోతుంది.”

“తోడుకు జ్వరమేమిటి డాక్టర్? తోడు రోగి కాదు. రోగి కాని వ్యక్తికి రోగం ఉండటానికి వీల్లేదు.”

భుజంగరావు శాలువా సవరించుకుని నర్సులకు సైగ చేశాడు. ఇద్దరు నర్సులు మంచం దగ్గరికి వచ్చారు. పైడమ్మ లేచింది. మనవరాలిని కూతురి పక్కన పడుకోబెట్టింది. బొమ్మను ఎత్తుకుంది.

“తోడే కదా బాబూ మీకు కావాల. నానెల్తాను” అంది.

డైరెక్టర్‌కు ఎవరైతే ఏమిటి? పైడమ్మ తలమీద చెంగు కప్పుకుని ఆటోలో కూర్చుంది. డైరెక్టర్ జెండా ఊపాడు. నవ్వమన్నారు. పైడమ్మ ఉన్న పళ్ళతో నవ్వింది. చప్పట్లు కొట్టారు. ఆటో కదిలింది, రోడ్డెక్కింది, మలుపు తిరిగింది.

బొమ్మ అందులోనే వెళ్ళిపోయిందన్న సంగతి, నొప్పులతో ఇంకొకామె గేటు దగ్గరికి వచ్చినప్పుడు గాని ఎవరికీ తట్టలేదు.

ఆమెను ఏం చేయాలో వాచ్‌మన్‌కు తోచలేదు. బిడ్డ లేకుండా ఫొటో లేదు, ఫొటో లేకుండా డిశ్చార్జి లేదు. డిశ్చార్జి కాని మనిషిని లోపలికి పంపడం అలవాటు తప్పిపోయింది. చివరికి పంపించారు. ఆమె చేరింది, కన్నది, మంచం మీద పడుకుంది. తర్వాత వచ్చినవాళ్ళూ అలాగే చేశారు. ర్యాంకు పడటం మొదలైంది. భుజంగరావు సంతలో బొమ్మ కొనిపించాడు. యాప్ దాన్ని బిడ్డగా ఒప్పుకోలేదు. శిక్షణ బొమ్మ ఇంకొకటి కావాలని పైకి రాశాడు. ఉన్న బొమ్మ ఏమైందని పైనుంచి అడిగారు. ఇంటికి వెళ్ళిందని రాయడం కుదరలేదు. ఈలోగా పెదవంకవాళ్ళు కూడా ఎక్కడో ఒక బొమ్మ సంపాదించారని తెలిసింది.

భుజంగరావు జీపులో మేడివలస వెళ్ళాడు. శివకేశవులును వెంట తీసుకెళ్ళాడు. పైడమ్మ ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి. లోపల దూలానికి చీర ఉయ్యాల వేలాడుతోంది. అందులో బొమ్మ ఉంది. దాని బుగ్గన దిష్టిచుక్క ఉంది.

“మా బొమ్మ ఇచ్చెయ్యమ్మా” అని భుజంగరావు గడప మీద కాలు పెట్టబోయాడు.

“అక్కడే ఆగండి బాబూ. పురిటిల్లు.”

“పురుడెవరికి?”

“బిడ్డొచ్చింది కదా. మీ పెద్ద బాబు జెండా ఊపి పంపినాడు. ఊరందరూ సూసినారు. పురుడెల్లేదాకా పసిగుంటని గడప దాటించం.”

“అది రబ్బరమ్మా!”

“రబ్బరా? మరి నా మనవడని సెప్పినారే.”

“ప్రభుత్వ ఆస్తి అది. పోలీసులకు చెప్పాల్సి వస్తుంది.”

“సెప్పండి. రబ్బరు బొమ్మకి పచ్చజెండా ఊపి ఇంటికంపినామని సెప్పండి. నానూ ఇంటాను.”

భుజంగరావు శివకేశవులు వైపు చూశాడు. శివకేశవులు దూలం వైపు చూశాడు.

“సరేనమ్మా. పురుడు ఎప్పుడు వెళ్తుంది?”

“తల్లి లేకుండా పురుడెలాగెల్తాది? దాని తల్లి మీ మంచం మీదుంది. డాట్రమ్మ పొమ్మన్నప్పుడొస్తాది. నా కూతురు బాగై బైటికొచ్చిన్నాడు మీ బొమ్మ ఈ గడప దాటతాది. కంగారైతే ఎల్లి నా కూతుర్ని సూసుకోండి.”

జీపు తిరిగి వచ్చింది. భుజంగరావు తిన్నగా వార్డుకు వెళ్ళాడు. ఆయన సన్నెమ్మ మంచం దగ్గరికి రావడం అదే మొదటిసారి.

“ఎలా ఉందమ్మా?” అన్నాడు.

సన్నెమ్మ చుట్టూ చూసింది. తననే అడుగుతున్నాడని నమ్మడానికి కొంతసేపు పట్టింది.

“ఎప్పుడు పంపవచ్చు డాక్టర్?” అని హిమజను అడిగాడు.

“ఇంకా కొన్నాళ్ళు ఉండాలి సార్.”

ఆ మంచం మీద ఉన్న సన్నెమ్మ ఇప్పుడు రోగీ కాదు, తోడూ కాదు. ఆమెను లేవమనడానికి ఏ కాగితమూ లేదు. పాపను చూసుకోవడానికి సన్నెమ్మ ఆడపడుచు వచ్చి కూర్చుంది. సూపరింటెండెంటు రోజూ వచ్చి జ్వరం చూసుకునేవాడు. సూదిమందు ఆలస్యమైతే నర్సు మీద కేకలేసేవాడు. ఇంటి నుంచి పాలు, బార్లీ జావ పంపించాడు. ఒక రోగి గురించి ఆయన అంత శ్రద్ధ తీసుకోవడం ఆసుపత్రిలో ఎవరూ ఎరగరు. ఆయన కళ్ళకు మాత్రం మంచం మీద బొమ్మే కనపడేది.

ఒక పొద్దున హిమజ వెళ్ళవచ్చంది. సన్నెమ్మ తన కాళ్ళ మీద నడిచి గేటు దాకా వచ్చింది. తుంపర పడుతోంది. పైడమ్మ ఆటోలో వచ్చి ఉంది. కూతుర్ని నఖశిఖపర్యంతం చూసుకుంది, ఎక్కించుకుంది, బొమ్మను భుజంగరావు చేతుల్లో పెట్టింది.

సన్నెమ్మ ఒళ్ళో పాప ఏడుపు మొదలుపెట్టింది. శివకేశవులు ఫోను ఎత్తాడు. యాప్ ఒప్పుకోలేదు. సింగన్నపేట బిడ్డలు ఏడవరని దానికి తెలుసు.

“ఒక్క నిమిషం ఆ పాపను మీ అమ్మకిచ్చి ఈ బొమ్మ పట్టుకోమ్మా” అన్నాడు భుజంగరావు. “మనకు రెండో డిశ్చార్జి అయినా ఉంటుంది. ఇన్నాళ్ళు చూసుకున్నాం కదా.”

“నానెప్పుడో ఇంటికెల్లిపోనాను కదా బాబూ” అంది సన్నెమ్మ. “ఎన్నిసార్లెల్తాను?”

“పోనీ బాబూ ఆటో” అంది పైడమ్మ.

ఆటో కదిలింది. వాచ్‌మన్ అలవాటుగా జెండా ఊపాడు. భుజంగరావు గేటు ముందు బొమ్మతో నిలబడ్డాడు. తుంపరకు అవార్డు శాలువా తలమీద కప్పుకున్నాడు. బొమ్మ దొరికినందుకు నవ్వుతున్నాడు. పళ్ళు కనపడుతున్నాయి. బొమ్మ ఏడవడం లేదు. వెనక వెళ్తున్న ఆటో ఉంది. శివకేశవులు ఎత్తిన ఫోను దించలేదు. అలవాటుగానే నొక్కానని తర్వాత చెప్పాడు.

యాప్ ముఖం చూసింది, పేరు రాసుకుంది. పచ్చ టిక్కు పడింది. “శ్రీమతి భుజంగరావు. తల్లీబిడ్డ క్షేమం. గృహప్రాప్తి నమోదైనది.”

మర్నాడు ఆయన హాజరు వేయబోతే యంత్రం ఒప్పుకోలేదు. ఆయన ఇంట్లో ఉన్నాడంది. ఇంట్లో ఉన్న మనిషికి గది తాళం ఇవ్వడం కుదరదని వాచ్‌మన్ అన్నాడు. శివకేశవులును పిలిపించారు.

“నన్ను మళ్ళీ చేర్చుకున్నట్టు రాయవయ్యా” అన్నాడు భుజంగరావు.

“తిరిగి చేరిక సంస్థకు కళంకం సార్.”

“నేను అసలు వెళ్ళలేదు!”

“వెళ్ళని మనిషి తిరిగి రావడానికి నిబంధనలు అంగీకరించవు సార్. ఆ మాట తమరిదే.”

“మరి నేను లోపలికి వచ్చేదెలా?”

శివకేశవులు ఉత్తర్వు తిరగేశాడు. “బొమ్మను చేర్చుకుంటానండి. తమరు తోడుగా రావచ్చు” అన్నాడు.

ఇప్పుడు సింగన్నపేట ఆసుపత్రిలో సూపరింటెండెంటు కుర్చీలో బొమ్మ ఉంటుంది. పక్కన తోడు కూర్చునే స్టూలు మీద భుజంగరావు ఉంటాడు. సంతకాలు అక్కడి నుంచే పెడతాడు. బొమ్మ గేటు దగ్గరికి వెళ్తే తోడు కూడా వెళ్ళిపోవాలి కాబట్టి బొమ్మను గేటు దగ్గరికి పంపడం మానేశారు. నొప్పులతో వచ్చినవాళ్ళు లోపలికి వెళ్తున్నారు, కంటున్నారు, మంచాల మీద పడుకుంటున్నారు. ఈ పతనానికి కారణాలు వివరించాలని మిషన్ నుంచి తాఖీదు మీద తాఖీదు వస్తోంది.

హిమజ రోజూ పొద్దున వార్డుకు వెళ్ళేముందు ఆ గదిలోకి వస్తుంది. ఆమె రాగానే భుజంగరావు స్టూలు మీద నుంచి లేస్తాడు. ఆమె స్టెతస్కోపు బొమ్మ గుండె మీద పెడుతుంది.

“ఎలా ఉంది డాక్టర్?” అని ఆయన అడుగుతాడు.

“ఇంకా కొన్నాళ్ళు ఉండాలి సార్” అని చెప్పి, అదే రాసి, వార్డుకు వెళ్ళిపోతుంది.